పక్క మంచం సీసా

ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మావయ్య ఏ మలుపుకీ, ఏ అధికారికీ జంకినవాడు కాడు. కాలి ఎముకకు చీము పట్టి ఆసుపత్రిలో చేరాక మాత్రం గుప్పెడంత ప్లాస్టిక్ సీసా ఆయన్ని హడలగొట్టింది. రోజూ పొద్దున్నే అందులో మూత్రం పట్టి ఇవ్వాలి. అది కింది అంతస్తులోని ల్యాబుకి వెళ్తుంది. అక్కడ పరీక్ష చేసేది సొంత మేనకోడలు.

ఆమె ఆ పనిలో చేరి పదకొండేళ్ళయింది. మావయ్యకు ఎక్కిస్తున్నది మొండి చీమును లొంగదీసే ఘాటైన మందు. కొందరికి అది కిడ్నీల మీద దెబ్బ తీస్తుంది. ఆ సంగతి రక్తపరీక్షలో తేలేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. కానీ దెబ్బతిన్న కిడ్నీ కణాలు ముందుగానే ఒక ప్రొటీనును మూత్రంలోకి వదులుతాయి. దాన్ని పసిగట్టే పరీక్ష ఈమధ్యే ల్యాబుకి వచ్చింది.

మూడు రోజులు మావయ్య ప్రొటీను ఫలితం సలక్షణంగా ఉంది. నాలుగో రోజు ఆమెకు అనుమానం వచ్చింది. ఆ రోజు మామూలు మూత్రపరీక్ష కూడా చేస్తే చక్కెర కనబడింది. మావయ్యకు చక్కెర జబ్బే లేదు. ఉన్నది పక్క మంచం మీది గుమాస్తాగారికి. ఇద్దరి ఫలితాల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చు కవలపిల్లలే.

ఆమె సరాసరి మెట్లెక్కి వార్డుకి వెళ్ళింది.

“మావయ్యా, ఈ సీసా నీదేనా?”

ఆయన కిటికీ వైపు చూశాడు. గుమాస్తాగారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

“చిన్నప్పుడు నిన్ను భుజాన మోసినవాణ్ణే. నా ఉచ్చ నీకు పంపాలంటే సిగ్గేసింది. ఆయన్ని రెండు సీసాలూ నింపమన్నా.”

ఆమెకు నవ్వొచ్చింది, అంతలోనే ఆగిపోయింది. నాలుగు రోజులుగా ఈయన కిడ్నీల మాట ఎవరికీ తెలియదన్నమాట. దగ్గరుండి కొత్త సీసా పట్టించి ల్యాబుకి తీసుకెళ్ళింది. ప్రొటీను ఉండాల్సినదానికి ఐదింతలుంది. మళ్ళీ చేసినా అంతే.

డాక్టరుగారికి జరిగినదంతా దాచకుండా చెప్పింది. ఆయన రక్తపరీక్ష చూసి పెదవి విరిచారు. రక్తంలో అంతా బాగానే ఉంది, సగం మానిన ఎముకకు మందు మారిస్తే మళ్ళీ మొదటికొస్తుందేమోనని ఆయన బెంగ.

“రక్తంలో తేలేదాకా ఆగితే కిడ్నీలకి ఆలస్యమైపోతుందండీ. కావాలంటే ఇంకో సీసా తెప్పించండి,” అంది ఆమె.

మధ్యాహ్నం తెప్పించారు. అంకె ఇంకా పెరిగింది. డాక్టరుగారు ఘాటు మందు ఆపి, కిడ్నీల జోలికి పోని మరో మందు రాశారు.

రెండో రోజుకి రక్తపరీక్షలో కూడా కిడ్నీల అంకె కాస్త పైకి లేచింది. అది చూసి డాక్టరుగారు తనే ల్యాబుకి దిగివచ్చి, ఆ మందు వాడే వాళ్ళందరికీ ఇకమీదట ఈ పరీక్ష చేయిద్దామన్నారు. వారం తిరిగేసరికి అంకెలు దిగొచ్చాయి. కాలు మానడానికి మాత్రం అనుకున్నదానికంటే పదిహేను రోజులు ఎక్కువే పట్టింది. కిడ్నీలు దక్కాయి కదా, ఎవరూ ఆ రోజులు లెక్కపెట్టలేదు.

ఇంటికెళ్ళే రోజు మావయ్య మేనకోడల్ని పక్కకు పిలిచి, సీసా మార్చిన సంగతి అత్తయ్య చెవిన వెయ్యొద్దని గొంతు తగ్గించి బతిమాలాడు.

ఆమె అప్పటికే వేసేసింది. అత్తయ్య గుమ్మం దగ్గర సంచీ పట్టుకుని, ఏమీ ఎరగనట్టు, ఆయన కోసం ఎదురుచూస్తోంది.