వాకిట్లో వ్యాను

ఎర్ర లైటు వెలిగింది. అంటే వ్యానులోని మరుగుదొడ్డి కిందున్న పెట్టె నిండిందన్నమాట. యోనా మీట తిప్పి, లోపలి మూత గట్టిగా పడిందో లేదో మరోసారి చూసుకున్నాడు. అది పడకుండా పెట్టెను లాగితే ఏమవుతుందో మొదటి వారంలోనే తెలిసొచ్చింది. తల తగలకుండా వంగి కిందికి దిగి, వ్యాను పక్కనున్న చిన్న తలుపు తాళం తీసి, పెట్టెను మెల్లగా బయటికి లాగాడు. సూట్‌కేసుకున్నట్టే దానికీ రెండు చక్రాలు, ఒక పిడి ఉన్నాయి. ఆ కాస్త పనికే ఆయాసం వచ్చింది. రెండు రోజులుగా ఇంతే. యాభై ఆరేళ్ళ మనిషి ఆరడుగుల వ్యానులో పడుకుంటే ఇంకేమవుతుందని సరిపెట్టుకున్నాడు.

వ్యాను ఆయన సొంత ఇంటి వాకిట్లోనే ఉంది. తలుపు నుంచి ఇంటి గుమ్మానికి పట్టుమని పది అడుగులు లేవు. ఆ గుమ్మం మాత్రం ఆయన దాటకూడదు. భార్య మార్తాకు మూత్రపిండం మార్చి రెండేళ్ళయింది. ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి తక్కువ. యోనా పనిచేసే నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళకు ఒకరి తర్వాత ఒకరికి కరోనా జ్వరాలు మొదలయ్యాయి. పని మానేస్తే వాళ్ళకు అన్నం తినిపించేవాళ్ళు లేరు. ఇంటికొస్తే మార్తాకు ముప్పు. అక్కడ వంటచేసే డెక్లన్, ఈ ఏడాది ఎటూ వెళ్ళేది లేదుగా అంటూ సెలవుల్లో ఊళ్ళు తిరిగే తన వ్యాను తెచ్చి ఇక్కడ నిలబెట్టి వెళ్ళాడు.

చక్రాలున్నాయి, స్టీరింగు ఉంది, కదలదు. మోకాళ్ళు ముడుచుకుంటేనే మంచం సరిపోతుంది. కిటికీలోంచి వంటింటి అద్దం, భోజనాల బల్లలో సగం, ఒక్కోసారి మార్తా భుజం కనిపిస్తాయి. వాన పడితే ఆ మాత్రమూ కనబడదు. ఐర్లండులోని ఈ రింగాస్కిడీ రేవు గాలికి వ్యాను రాత్రంతా ఊగుతూనే ఉంటుంది. చేప కడుపులో ఉన్నావు డాడీ అని కూతురు ఫెబి ఫోనులో నవ్వించింది. బైబిల్లో యోనా మూడు రోజులకే బయటపడ్డాడమ్మా అన్నాడు.

పెట్టెను ఇంటి పక్క సందులోకి లాక్కెళ్ళి డ్రైనేజీ మూత ఎత్తాడు. గొట్టం బయటికి తిప్పి, గాలి లోపలికి పోయే బొత్తాం నొక్కిపట్టి వంచాడు. బొత్తాం వదిలితే బుడబుడమని మీదికి చింది పడుతుంది. నర్సింగ్ హోమ్‌లో ఇన్నేళ్ళుగా ఎందరి పక్కలు శుభ్రం చేశాడో. ఎన్నడూ చిన్నతనం అనిపించలేదు. కానీ ఇలా వంచి పోస్తున్నప్పుడల్లా అమ్మ గుర్తొస్తుంది. తెనాలి మునిసిపాలిటీలో ఆమెది పాకీ పని. తెల్లవారకముందే చీపురు, తొట్టి పట్టుకుని వెళ్ళేది. తొట్టి మోయలేక ఆగినప్పుడు కూడా కొడుకును చెయ్యి వేయనిచ్చేది కాదు. ఇది నాతో ఆఖరు, అనేది. అందుకే ఫెబి చేతి తొడుగులు వేసుకుని ఎన్నిసార్లు వచ్చినా యోనా ఆమెను దగ్గరికి రానివ్వలేదు.

వంచేటప్పుడు ముఖం పక్కకు తిప్పి ఊపిరి బిగబట్టడం అలవాటు. ఇవాళ ఆయాసం వల్ల బిగబట్టలేకపోయాడు. నిండా పీల్చాడు. ఏమీ లేదు. కిందికి వంగి మళ్ళీ పీల్చాడు. లేదు. పెట్టెలో పోసే నీలం మందు సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మండాయి కానీ వాసన లేదు. తలపైన వంటింటి కిటికీ తెరిచి ఉంది. మార్తా పోపు వేస్తోంది. ఆవాల చిటపట వినిపిస్తోంది. అంతే.

నర్సింగ్ హోమ్‌లో ఇద్దరికి జబ్బు ఇలాగే బయటపడింది.

"మార్తా, కిటికీ మూసెయ్," అన్నాడు.

"వాసన మాకేం రావట్లేదండీ. మీరు కానివ్వండి."

"నాకూ రావట్లేదు."

మార్తా ఇరవై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి కిటికీ మూసుకుంది.

యోనా పని ఆపలేదు. పెట్టెను కడిగాడు, మళ్ళీ కడిగాడు. రబ్బరు పాడవుతుంది, బ్లీచ్ పొయ్యొద్దని డెక్లన్ గట్టిగా చెప్పాడు. ఇవాళ రబ్బరు సంగతి ఆలోచించలేదు. సీసా మొత్తం లోపలా, మూత చుట్టూ, సందు గచ్చు మీదా పోసేశాడు. మధ్యలో రెండుసార్లు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సందు మొగలో ఫెబి కనిపించింది.

"లీవ్ ఇట్, డాడీ. ఐల్ డూ ఇట్."

"అక్కడే ఆగమ్మా. ఇందులో నీ చెయ్యి పడకూడదు."

ఆ పిల్ల అక్కడే నిలబడి, ఆయన పెట్టెను దాని చోట్లోకి తోసి తాళం వేసేదాకా చూసింది.

మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోయింది. మార్తా ఫోనులోనే వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టుకోమంది. అంకె విని ఫోను పెట్టేసింది. అటునుంచి అటే ఫ్యామిలీ డాక్టరుకి ఫోను చేసింది. అంబులెన్సు వచ్చేలోగా ఏమైనా తినమని ఫెబి చేత పప్పుచారు, అన్నం కలిపిన గిన్నె పంపించింది. ఫెబి దాన్ని వ్యాను మెట్టు మీద పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది. యోనా మూత తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వేడి తెలిసింది, రుచి తెలియలేదు. మళ్ళీ మూత పెట్టి, గాలికి ఎగిరిపోకుండా పూలమడిలోంచి ఒక రాయి తీసి పైన ఉంచాడు.

తెల్ల కవచాలు వేసుకున్న ఇద్దరు వచ్చారు. స్ట్రెచర్ వద్దని ఆయనే నడిచాడు. మార్తా అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడింది. యోనా అటు వెళ్ళబోయి ఆగాడు. దూరం నుంచే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అంతా కడిగేశాను మార్తా. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు."

"సరేనండీ," అంది మార్తా. "అక్కడ వాళ్ళు చెప్పినట్టు వినండి."

ఈస్టర్ వెళ్ళిన వారంలో ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ఆఖరి గంటలో ఒక నర్సు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుందట. ఆ మాట ఫోను చేసినావిడ మార్తాకు రెండుసార్లు చెప్పింది.

వ్యాను దగ్గరికి ఇంకా ఎవరూ వెళ్ళలేదు. మెట్టు మీద గిన్నె ఉంది, మూత మీద రాయి ఉంది.