లేచిన జీపు

కొండదారుల్లో అడుగున రాళ్లు తగలకూడదని అల్లుడు జీపుకి పొడుగు స్ప్రింగులు వేయించి, నాలుగంగుళాలు పైకి లేపించాడు. దాన్ని చూసి అత్తగారు ముక్కున వేలేసుకుంది.

"నిచ్చెన కూడా కొన్నారా, అల్లుడుగారూ?"

అతను ముఖం మాడ్చుకున్నాడు. చివరికి స్టూలు వేసి, భార్యా తనూ చెరో రెక్క పుచ్చుకుని ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టారు.

వీధిలోకి రాగానే ఆవిడ సణుగుడు ఠక్కున ఆగిపోయింది. ప్రహరీగోడల మీదుగా ఎవరి పెరట్లో ఏం జరుగుతోందో అంతా కనిపిస్తోంది!

"కాస్త మెల్లగా పోనివ్వండి, బాబూ."

ఆనాటినుంచి జీపు కొండ ముఖం చూడలేదు. పొద్దు వాలితే చాలు, అత్తగారు స్టూలుతో సహా గుమ్మంలో సిద్ధం. నిన్న వీధి చివర మెడ సాచి సాచి, ఉసూరుమంది.

"ఈ మూలింటివాళ్ల గోడ అడ్డొస్తోంది. ఇంకో రెండంగుళాలు లేపించలేరూ?"