ఓబులమ్మ తిట్టని పురుగు

కర్నూల్లో జ్వరాల పరీక్షలు చేసే చిన్న ప్రయోగశాలలో సూక్ష్మజీవులకు వంట చేసిపెట్టేది ఓబులమ్మ. రోజూ పొద్దున ఎనిమిదికి పొయ్యి ముట్టించి, రసాన్ని గడ్డకట్టించే చైనా గడ్డి కరిగించి, మాంసం రసం, ఎద్దు పిత్తం, కాస్త బిస్మతు ఉప్పు వేసి, గరిటె తిప్పుతూ తిట్టడం మొదలుపెట్టేది.

తిట్లే అసలు దినుసు. మనిషి కడుపులోంచి వచ్చిన దాంట్లో కోటానుకోట్ల పురుగులుంటాయి. అన్నీ మొలిచాయంటే ఇంక టైఫాయిడ్ దాన్ని యాడని వెతికేది? మిగతావన్నీ చావాలి, అదొక్కటే మొలవాలి. పెద్ద ఊళ్లలో ఆ పనికి ఆకుపచ్చ రంగుమందు వాడతారు. కర్నూలుకు రావలసిన డబ్బా మద్రాసు నుంచి పదకొండు నెలలుగా వస్తూనే ఉంది. అంతదాకా ఓబులమ్మ నోరే మందు. ఆమె పేరుపెట్టి తిట్టిన పురుగు ఆమె పోసిన గాజు పళ్లెంలో మొలిచేది కాదు. టైఫాయిడ్ దాన్ని మాత్రం తిట్టకుండా వదిలేది. అది రెండు రోజులకు నల్లగా, కొత్త ఇనుములా మెరుస్తూ చుక్కలు చుక్కలుగా లేచేది.

ఆ తిట్లకు గోడ సున్నం ఏడాదికి మూడుసార్లు రాలేది. వీధిలో పోయే జట్కా గుర్రం చెవులు మూసుకుని పరిగెత్తేది. ప్రయోగశాల నడిపే డాక్టరు లేవి మాత్రం రిజిస్టరులో "పిత్తం అరపావు, తిట్లు ముక్కాలు గంట" అని రాసి సంతకం పెట్టేవాడు. తనిఖీకొచ్చిన పై అధికారి, తిట్లు ఇంకాస్త స్పష్టంగా ఉంటే బాగుంటుందని రాసిపోయాడు.

అది పందొమ్మిదివందల యాభై రెండు నాటి కరువు. ఆలూరు పక్క పల్లెలో గంజి కేంద్రం పెట్టారు. దాన్ని నడిపేది ఓబులమ్మ అక్క నాగలక్ష్మమ్మ. గంజిలోకి మజ్జిగ ఆమే కలిపేది. మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేది. ఇంకొకరి చెయ్యి తగిలితే మైల అని ఆ కుండ దగ్గరికి ఈగను కూడా రానిచ్చేది కాదు. అంట్లు తోమి నీళ్లు మోసే హులిగెమ్మయితే ఆరు బారల దూరంలో నిలబడాలి.

నలభై మందికి టైఫాయిడ్ తగిలింది. ముగ్గురు పోయారు. "హులిగెమ్మ నీళ్లే!" అంది నాగలక్ష్మమ్మ. పరీక్షలో ఇంకొకరు తేలకుంటే శుక్రవారానికల్లా హులిగెమ్మ ఊరు విడవాలన్నారు పెద్దలు. ఆమెకు ఇద్దరు బిడ్డలు. ఆ కరువులో గంజి కేంద్రం దాటితే పిడికెడు తిండి దొరికే చోటు లేదు.

కేంద్రంలో పనిచేసే ఇద్దరినీ పరీక్షిస్తానన్నాడు లేవి. ఇద్దరూ కర్నూలు వచ్చారు.

"ఏమప్పా డాక్టరూ, నన్ను గూడా అనుమానమా?" అని లేచింది నాగలక్ష్మమ్మ. "పదేండ్ల కింద ఇరవైయొక్క దినాలు సన్నిపాత జ్వరమొస్తే దాన్నే తరిమినదాన్ని!"

లేవి తలెత్తి చూశాడు. సన్నిపాతమంటే టైఫాయిడే. ఆ మాట రాసుకున్నాడు. ఆ రాసుకోవడం నాగలక్ష్మమ్మకు నచ్చలేదు. నేరుగా పొయ్యి దగ్గరికి పోయింది.

"ఓబులా, అన్నిట్నీ తిడతాండావు గదా. నా పళ్లెంలో ఆ ఒక్కదాన్ని గూడా తిట్టెయ్."

"నీలో లేకుంటే తిట్టేదెందుకక్కా?"

"మొగుడు పోయినాక నీకు కూడు పెట్టినదాన్నే!"

"పెట్టినావు. ముద్దకొక మాట గూడా పెట్టినావు. ఆ మాటలే ఈడ నాకు కూడు పెడతాండాయి. పో అవతలికి."

వరండాలో కూర్చున్న హులిగెమ్మ ఇదంతా వింది.

ఓబులమ్మ ఆ రోజు తిట్టినంతగా ఎప్పుడూ తిట్టలేదు. చివరికి టైఫాయిడ్ దాని పేరు నాలుక కొసకొచ్చింది. ఎంతైనా తోడబుట్టింది. ఒక్క తిట్టు చాలు, అక్క పరువు నిలుస్తుంది, హులిగెమ్మ ఊరు దాటుతుంది. ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఆ తిట్టును మింగింది. ఎక్కిళ్లు తగులుకుని మూడు రోజులు వదల్లేదు. ఎక్కిళ్లకు బల్ల మీది గాజుసీసాలన్నీ గలగలలాడాయి.

మూడోనాటికి హులిగెమ్మ పళ్లెం అద్దంలా ఉంది. నాగలక్ష్మమ్మ పళ్లెంలో నల్లచుక్కలు, పిడికెడు ఆవాలు ఒలకబోసినట్టు.

"జ్వరం పోయింది గానీ పురుగు పోలేదమ్మా," అన్నాడు లేవి. "నీ పిత్తం తిత్తిలో కాపురం పెట్టింది. నీ చేతి మీదుగా మజ్జిగలోకి దిగుతాండాది. ఇంక పదిమంది తినే దాంట్లో నువ్వు చెయ్యి పెట్టగూడదు."

"నా చెయ్యా!"

ఆమె లేవిని తిట్టింది, చెల్లెల్ని తిట్టింది, పళ్లేన్ని తిట్టింది. ఆలూరు దాకా తిడుతూనే పోయింది. దారిలో బండి ఎద్దులు రెండుసార్లు మూర్ఛపోయాయి.

లేవి ఉత్తరం చదువుకున్న పెద్దలు హులిగెమ్మతో పొరపాటైందని అనలేదు. మజ్జిగ గరిటె మాత్రం ఆమె చేతికిచ్చారు. నాగలక్ష్మమ్మ ఆరు బారల దూరంలో మంచం వేసుకుని, చేతులు కొంగు కింద దాచుకుని, పొద్దున్నుంచీ తిట్టేది.

"కండ్లు యాడ పెట్టుకున్నావే? ఉప్పు అట్లనా వేసేది? మజ్జిగా అది, కుడితా?"

హులిగెమ్మ కలుపుతూనే ఉండేది. ఊళ్లో కొత్తగా ఒక్కరికీ జ్వరం రాలేదు.

ఒకనాడు నాగలక్ష్మమ్మ గొంతెండి ఆగింది. గరిటె కూడా ఆగింది. వరసలో చెంబులు పట్టుకున్నవాళ్లు మెడలు చాచి చూశారు.

"ఏమే, ఆపినావు?"

"నువ్వు తిట్టేది ఆపినావు గదమ్మా," అంది హులిగెమ్మ. "ఇంగా రెండు కుండలుండాయి. అన్నిట్నీ తిడతాండావు గానీ, నీలో ఉండే పురుగును ఒక్కనాడన్నా తిట్టినావా? మొదుట దాంతో కానీ. అందాకా నేను కలపను."

నాగలక్ష్మమ్మ కండ్లెర్రజేసింది. హులిగెమ్మ గరిటె కుండకు అడ్డంగా పెట్టి కూర్చుంది. బిడ్డొకటి ఆకలికి ఏడ్చింది.

నాగలక్ష్మమ్మ కొంగు కింది నుంచి కుడిచెయ్యి బయటికి తీసి, ముఖానికెదురుగా ఎత్తి పట్టుకుని, అందులోని పురుగును పేరుపెట్టి తిట్టడం మొదలుపెట్టింది.