పన్నెండో ఊయల

మేవిస్ రోజూ ఉదయం ఏడు గంటల లాంచీకి గాస్పోర్టు రేవు నుంచి అవతలి ఒడ్డున ఉన్న పోర్ట్స్‌మత్‌కు వెళ్ళేది. అక్కడి డాక్‌యార్డులో జెండాలు కుట్టే అటక మీద ఆమెకు పని. సముద్రంలో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళకు ఆ అటక మీద పని ఇవ్వడం పాతకాలం నుంచీ ఉన్న ఆనవాయితీ. మేవిస్‌ను కూడా ఆ లెక్కనే తీసుకున్నారు. ఆమె మాత్రం తాను విధవనని ఎక్కడా అనేది కాదు. భర్త గురించి వచ్చిన తంతిలో 'కనిపించడం లేదు' అని ఉంది, అంతే.

బయల్దేరే ముందు మామగారికి రెండు గుడ్లు ఉడకబెట్టి, వేడి పోకుండా టీ కెటిల్‌కు ఉన్ని టోపీ తొడిగి, "మామయ్యా, ఆ రొట్టె మీకు. పిచ్చుకలకు వేసెయ్యకండి" అని చెప్పేది. సైలస్ హాబ్‌డే అలాగేనని, ఆమె వీధి మలుపు తిరిగాక సగం పిచ్చుకలకే వేసేవాడు. తర్వాత పెరట్లో తారు పూసిన షెడ్డులోకి వెళ్ళి, ముక్కుమీద కళ్ళజోడు సర్దుకుని, ఓడ ముందు కూచునేవాడు.

ఆ ఊళ్ళో రిటైరైన మగవాడి షెడ్డులో ఓడ లేదంటే ఆయనకు ఒంట్లో బాగాలేదని అర్థం. ఒకాయన అగ్గిపుల్లలతో కడతాడు, ఇంకొకాయన సీసాలో కడతాడు. సైలస్ నలభై నాలుగేళ్ళు డాక్‌యార్డులో ఓడ వడ్రంగం చేసినవాడు కనక ఆయన సీసాల జోలికి పోలేదు. హోప్‌వెల్ అనే డెబ్భై నాలుగు ఫిరంగుల పాత యుద్ధనౌక ఒకటి ఆయన చిన్నతనంలో ఆ రేవులోనే లంగరు వేసి ఉండేది. దాన్ని విరగ్గొట్టిన రోజున ఆయన ఒక ఓకు దుంగ అడిగి తెచ్చుకున్నాడు. ఆ దుంగతోనే ఆ ఓడ నమూనా మొదలుపెట్టాడు. ఓడంతా కాదు, రొట్టెలోంచి ఒక ముక్క కోసినట్టు నడుమ పెద్ద స్తంభం దగ్గర ఒక ముక్క. అడుగున రాళ్ళూ పీపాలూ, వాటిపైన ఫిరంగుల అంతస్తులు రెండు, అన్నిటికీ పైన డెక్కు. ఇలాంటి నమూనాకు ఒక పద్ధతుంది. ఒకవైపు పలకలు పూర్తిగా బిగిస్తారు. రెండోవైపు పక్కటెముకలు మాత్రం నిలబెట్టి, పలకలు లేకుండా వదిలేస్తారు. చూసేవాళ్ళకు లోపలి బతుకంతా కనబడాలి గదా!

కింది ఫిరంగుల అంతస్తులో నావికులు పడుకునే గుడ్డ ఊయలలు కావాలన్నాడు సైలస్. మేవిస్ జెండాగుడ్డ పీలికలు తెచ్చి, రెండు వేలి కణుపులంత ఊయలలు పన్నెండు కుట్టింది. అసలు ఓడలో మనిషికి పద్నాలుగు అంగుళాల వెడల్పు చొప్పున ఇచ్చేవారు. మనవాళ్ళ రైలు బెర్తు దానికన్నా నయం. సైలస్ ఆ లెక్క తప్పకుండా దూలాలకు కొక్కేలు కొట్టి పన్నెండింటినీ వరసగా వేలాడదీశాడు.

మర్నాడు ఉదయం చూస్తే పన్నెండో ఊయల కిందికి సాగి ఉంది. లోపల ఎవరో పడుకున్నట్టు నడుము దగ్గర బరువుగా, కాళ్ళ దగ్గర సన్నగా. ఎడమ మోకాలు కొంచెం మడిచినట్టుంది. సైలస్ కొడుకు క్లెమ్ చిన్నప్పటి నుంచీ అలాగే పడుకునేవాడు.

సైలస్ అరవలేదు. వంటింట్లోకి వచ్చి, "అమ్మాయ్, క్లెమ్ వచ్చాడు" అన్నాడు.

మేవిస్ చేతులు తుడుచుకుంటూ షెడ్డులోకి వచ్చింది. వంగి చాలాసేపు చూసింది. "పాపం, బాగా అలిసిపోయినట్టున్నాడు. లేపకండి మామయ్యా" అని, లాంచీకి ఆలస్యమవుతుందని పరుగెత్తింది.

పదకొండేళ్ళ కిందట యుద్ధంలో, ఉత్తర సముద్రంలో వెళ్తున్న ఓడల బారులోంచి క్లెమ్ ఓడ తప్పిపోయింది. అప్పటికి పెళ్ళయి ఆరు వారాలు. ఇప్పుడు మేవిస్‌కు ముప్ఫై మూడేళ్ళు. క్లెమ్ ఇంటికొచ్చాడన్న కబురు వీధిలో తెలిసిన రోజు నుంచీ పాలవాడు సీసాల బండి చప్పుడు కాకుండా తోసుకెళ్ళడం మొదలుపెట్టాడు. చర్చి ఫాదరీ గారు వచ్చి షెడ్డు గుమ్మంలో టోపీ తీసి, "నిద్రపోనివ్వండి, నిద్రపోనివ్వండి" అని గుసగుసలాడి వెళ్ళాడు.

చిక్కు వచ్చిందల్లా లాంచీ నడిపే బెర్ట్రమ్ కూట్‌కు. పొడుగ్గా, ఎర్రటి చెవులతో ఉండే మనిషి, పెళ్ళాం పోయి ఐదేళ్ళయింది. మేవిస్ గాలి కొట్టని చోట కూచునేలా రోజూ ఒక బల్ల మీద తన కోటు పరిచి ఉంచేవాడు. రెండేళ్ళు కోటు పరిచాక గాని నోరు పెగల్లేదాయనకు. మార్చి నెలాఖరుకు పూల్ అనే ఊరి రేవులో కొత్త ఉద్యోగానికి వెళ్ళిపోతున్నాడు. నాతో వస్తావా అని అడిగాడు. ఆదివారం చెబుతానంది. ఆ ఆదివారానికి ముందు శుక్రవారమే పన్నెండో ఊయల సాగింది.

"ఏం చెప్పను బెర్ట్రమ్? ఆయన ఇంటికొచ్చాడు" అంది మేవిస్.

"విన్నాను. బాగున్నాడా?" అన్నాడు కూట్.

"పడుకున్నాడు."

కూట్ తల ఊపి ఇంజను వైపు వెళ్ళిపోయాడు. కోటు మాత్రం తీయలేదు. మర్నాడూ పరిచాడు.

సైలస్‌కు ఈ సంగతి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. పైగా ఒక పని చేశాడు. ఆయన జీవితమంతా ఓడలకు పడ్డ కన్నాలు మూసిన మనిషి. ఓడ పక్కన ఒక వేలెడు సందు కనిపిస్తే అన్నం సయించదు. కొడుకు పడుకున్న ఓడకు ఒక పక్కంతా బార్లా తెరిచి ఉంటే ఆయన ప్రాణం ఎలా ఊరుకుంటుంది? చలిగాలి వస్తోందన్నాడు. వానజల్లు పడుతుందన్నాడు. ఒక్కొక్క పలకే ఆవిరిలో వంచి, మేకులు కొట్టి, సందుల్లో నార కూరి, పదిరోజుల్లో ఆ తెరిచిన వైపంతా మూసేశాడు. నమూనా కట్టేవాళ్ళు ఎన్ని తప్పులైనా చేస్తారు గాని ఈ తప్పు చెయ్యరు. డాక్‌యార్డు వడ్రంగి మాత్రమే చేస్తాడు.

"మామయ్యా, అదేమిటి! కొసల నుంచి స్తంభమూ దూలాలూ అడ్డం, ఇక కనపడడు కదా ఆయన!" అంది మేవిస్.

"కనపడకపోతేనేం, వెచ్చగా ఉంటాడు. ఇదిగో, కిటికీ ఉందిగా" అని ఫిరంగి మూతి బయటికి పెట్టే చదరపు కంత ఒకటి చూపించాడు.

అప్పటినుంచీ మేవిస్ సాయంత్రం పనినుంచి రాగానే కోటైనా విప్పకుండా షెడ్డులో మోకాళ్ళ మీద కూచుని, ఆ కంతకు కన్ను ఆనించి చూసేది. టీ చల్లారిపోయేది. బంగాళాదుంపలు మాడిపోయేవి. మాటలు తగ్గిపోయాయి. ఆమె కుడికంటి చుట్టూ అగ్గిపెట్టె అచ్చంత చదరపు గుర్తు పడింది, ఎంత కడిగినా పోలేదు. చర్చిలో పాటల పుస్తకం ఎత్తి పట్టుకున్నప్పుడు అందరికీ కనిపించింది. సైలస్ పాట మధ్యలో ఆపేసి కూచున్నాడు.

ఆ మధ్యాహ్నం టాబీ రిక్స్ వచ్చాడు. టాబీ తెరచాపలు కుట్టేవాడు. పాతకాలపు తెరచాపల ఓడల మీద ప్రపంచం చుట్టినవాడు. సైలస్‌తో అరవై ఏళ్ళ స్నేహం, అంతకాలపు ఎకసెక్కం.

"ఏరా వడ్రంగీ, ముక్క కోసిన ఓడకు కూడా చిల్లులు మూస్తావా? రెండు కొసలూ ఎలాగూ తెరిచే ఉన్నాయి. వాటికి బిరడాలు కొట్టు మరి, సముద్రంలోకి దింపుదాం!"

"నోర్మూసుకో. మెల్లగా మాట్లాడు. వాడు పడుకున్నాడు."

టాబీ నవ్వడం మానేశాడు. కష్టం మీద వంగి కంతలోంచి చూశాడు. చూసి, లేచి, పనిబల్ల మీద చతికిలబడి పైపు బయటికి తీశాడు. వెలిగించలేదు.

"ఎన్నాళ్ళయిందిరా?"

"మొన్న శుక్రవారానికి ఏడు వారాలు."

"మోకాలు ఎప్పుడూ అటే మడిచి ఉంటోందా?"

సైలస్ నేలమీది మేకు ఒకటి ఏరి డబ్బాలో వేశాడు.

"నేను వెయ్యిమంది మధ్య పడుకున్నానురా సైలస్. నిద్రపోయేవాడు దొర్లుతాడు. గురకపెడతాడు. వాడు కదిలినప్పుడల్లా ఊయలలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అది కదలడం లేదు. నిద్రపోయేవాడి ఊయల కాదది." పైపును గుప్పిట్లో దాచుకున్నాడు. "నీకూ తెలుసు."

సైలస్‌కు తెలుసు. మొదటి వారంలోనే తెలుసు. పలకలు కొట్టింది చలిగాలికి కాదు.

టాబీ వెళ్ళాక ఆయన సన్నటి ఉలి ఒకటి నూరుకున్నాడు. కట్టినదాన్ని విప్పడం వడ్రంగికి పన్ను పీకించుకున్నట్టుంటుంది. పైనుంచి మొదలుపెట్టి, నార లాగి, మేకులు తీసి, ఒక్కొక్క పలకే కిందపెట్టాడు. మేవిస్ ఆ చప్పుడుకు వచ్చి గుమ్మంలో నిలబడింది. సాయం చెయ్యలేదు, ఆపలేదు. ఆఖరి పలక ఊడి, ఎండ కింది అంతస్తులోకి పడ్డాక, పన్నెండో ఊయల ఇద్దరికీ తేటగా కనిపించింది.

"సూది తెచ్చుకో అమ్మాయ్" అన్నాడు సైలస్.

సముద్రంలో పోయినవాణ్ణి అతని ఊయలలోనే చుట్టి కుడతారు. నీళ్ళలోకి వదిలితే మునగాలని కాళ్ళ దగ్గర రెండు ఫిరంగి గుళ్ళు పెడతారు. ఆఖరి కుట్టు ముక్కులోంచి వేస్తారు. ప్రాణముంటే కదులుతాడని. ఈ సంగతి ఆ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు.

గాలపు తాడుకు కట్టే సీసపు గుళ్ళు రెండు సైలస్ ఇచ్చాడు. మేవిస్ ఊయలను కొక్కేల మీదే ఉంచి, కాళ్ళ దగ్గర నుంచి పైకి, జెండా అంచు కుట్టినట్టు దగ్గర దగ్గర కుట్లు వేసుకుంటూ వచ్చింది. పదమూడు కుట్లు పడ్డాయి. ఆఖరిదైన పద్నాలుగోదాని దగ్గర ఆగింది.

"మీరు వెయ్యండి మామయ్యా."

"అది నీ కుట్టమ్మా." సైలస్ వెలుతురు పడేలా పక్కకు జరిగాడు.

ఆమె సూది గుచ్చింది. సూది అవతలికి వచ్చేదాకా ఇద్దరూ ఆ గుడ్డ వైపే చూశారు. ఎంత చిన్న కదలికైనా చాలు, సైలస్ ఆ దారాన్ని పళ్ళతో కొరికి విప్పేసేవాడు. దారం పూర్తిగా లాగి, మేవిస్ ముడి వేసింది.

"కదల్లేదు" అంది.

అప్పుడు ఏడ్చింది. పదకొండేళ్ళలో మొదటిసారి, షెడ్డు నేలమీద కూచుని, చిన్నపిల్లలా గొంతెత్తి ఏడ్చింది. సైలస్ ఆమె పక్కన, ఊడదీసిన పలకల మధ్య కూచున్నాడు.

మర్నాడు ఆటు సమయానికి బయల్దేరారు. కొక్కేల నుంచి తీశాక తెలిసింది ఆ మూట బరువు. రెండు కణుపుల మూట, నిండు మగవాడంత తూగింది. ఇద్దరూ కలిసినా ఎత్తలేకపోయారు. టాబీ వచ్చి పట్టుకున్నాడు, పాలవాడు బండి ఖాళీ చేసి ఇచ్చాడు. రేవులో, లాంచీ ఎక్కించే వంతెన దగ్గర బండి ఆగిపోయింది. కూట్ దిగి వచ్చాడు. మేవిస్‌కు ఎదురుగా నిలబడి రెండో కొస అందుకున్నాడు. ఆయన చెవులు ఇంకా ఎర్రబడ్డాయి, మెడ నరాలు పొంగాయి. నలుగురూ అడుగులో అడుగు వేస్తూ బల్ల మీదికి, పరిచి ఉన్న కోటు మీదికి చేర్చారు.

లాంచీ నిండా డాక్‌యార్డు మనుషులు, వాళ్ళ సైకిళ్ళు. రేవు మధ్యకు వచ్చాక కూట్ ఇంజను ఆపాడు. పనికి ఆలస్యమైతే అరపూట జీతం పోతుందని తెలిసీ ఒక్కడూ గొణగలేదు. టోపీలు దిగాయి. ఒక సైకిలు గంట దానంతటదే మోగితే దాని యజమాని అరచేత్తో మూసిపట్టుకున్నాడు. కూట్, మేవిస్ కలిసి మూటను అంచు మీదుగా వదిలారు. నీళ్ళు పెద్దగా చిమ్మలేదు. లాంచీ మాత్రం జానెడు పైకి లేచింది. అందరి మోకాళ్ళకూ తెలిసింది.

అవతలి ఒడ్డున సైకిళ్ళన్నీ దిగాక మేవిస్ వంతెన మీద ఆగింది. కూట్ తాడు చుడుతున్నాడు.

"పూల్‌లో జెండాలు కుట్టే చోటుందా?" అని అడిగింది.

"జెండాలవి లేవు. తెరచాపలవి ఉన్నాయి" అన్నాడు కూట్, తాడు వైపే చూస్తూ.

"తెరచాపలు నేర్చుకోవచ్చు."

ఆమె వెనక్కి తిరిగి సైలస్ వైపు చూసింది. ఆయన బల్ల మీదే కూచుని ఉన్నాడు. "నీకు ఆలస్యమవుతోంది, వెళ్ళమ్మా. నేను ఈ లాంచీలోనే వెనక్కి పోతాను" అన్నాడు. ఆమె డాక్‌యార్డు గేటు దాకా వెళ్ళి ఒకసారి చెయ్యి ఊపింది. కుడికంటి చుట్టూ గుర్తు ఉందో లేదో అంత దూరం నుంచి ఆయన కంటికి ఆనలేదు.

తిరుగు ప్రయాణంలో జనం పలచగా ఉన్నారు. గంపలతో చేపలమ్మే ఆవిడ ఒకతె వచ్చి ఆయన ఎదురుగా కూచుంది. ఆమెకు ఈ పొద్దుటి సంగతి తెలీదు.

"మీ అబ్బాయి ఎలా ఉన్నాడు హాబ్‌డే గారూ?" అంది, గంప సర్దుకుంటూ.

సైలస్ నీళ్ళకేసి చూశాడు. ఆటు తీస్తోంది, నీరంతా సముద్రం వైపే పోతోంది.

"చచ్చిపోయాడమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. "యుద్ధంలో."

ఆవిడ గంప నేలమీదికి దించి, ఆయన పక్కకి వచ్చి కూచుంది. ఒడ్డు వచ్చేదాకా అక్కడి నుంచి లేవలేదు.