తీసేయమన్న ఏడుగురు

పీహెచ్‌డీ కోసం శ్రీలత మూడేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే. కీళ్లవాతంతో హనుమకొండ దవాఖానకు వచ్చేవాళ్ల మోకాలి నీరు తెచ్చి, అందులోని టి కణాలను పరీక్షించడం. ఒంటికి కాపలా కాయాల్సిన ఆ కణాలు ఈ జబ్బులో సొంత కీళ్ల మీదే పడతాయి. వాటి మీద ఉండి శత్రువును పసిగట్టే గ్రాహకాలను ఏ జన్యువు ఎక్కువగా తయారుచేస్తోందో తేల్చాలి. రోగులందరిలో ఒకే జన్యువైతే, దానికే గురిపెట్టి మందు చేయొచ్చని గైడు సారంగపాణి ఆశ.

పద్దెనిమిది మందిలో పదకొండు మందికి ఒకే జన్యువు తేలింది. మిగతా ఏడుగురిది తలో తీరు.

"ఆ ఏడుగుర్ని తీసెయ్యమ్మా. శాంపిల్ ఖరాబైందని రాద్దాం," అన్నాడు సారంగపాణి, పట్టిక మీంచి కళ్లెత్తకుండానే.

"ఖరాబ్ కాలే సార్. రెండుసార్లు చేసి చూసిన."

"నీకు పేపర్ కావాల్నా, వద్దా?"

శ్రీలతకు ఒళ్లు మండింది. ఆ ఏడుగురిలో పరకాల యాకమ్మ ఉంది. పత్తి ఏరే మనిషి, వేళ్లన్నీ వంకర్లు పోయాయి. వాచిన మోకాల్లో సూది దిగుతుంటే పంటిబిగువున ఓర్చుకుంది. ఇప్పుడామె లేనట్టే రాయాలట, ఆమెకు పనికిరాని మందు అందరికీ పనిచేస్తుందని చెప్పడానికి.

మర్నాడు యాకమ్మే మందుల కోసం వచ్చి అడిగింది. "నా నీళ్లల్ల ఏం తేలింది బిడ్డా?"

"నీది అందరి లెక్క లేదు పెద్దమ్మా. అందుకే నీ పేరు తీసెయ్యమంటున్నరు."

"అందరి లెక్క లేకుంటె నొప్పి లేనట్టా? సూది పొడిసేటప్పుడు నేనుంటిగద," అంది యాకమ్మ.

ఆ సాయంత్రమే శ్రీలత పద్దెనిమిది మంది ఫలితాలనూ, ఒక ఫిర్యాదునూ పరిశోధనలు నీతి తప్పకుండా చూసే ఎథిక్స్ కమిటీకి ఇచ్చేసింది. విచారణ నాలుగు నెలలు సాగింది. "ఇంత కోపమెందుకమ్మా, జర సర్దుకపోరాదు," అన్నాడు కమిటీలో ఒక పెద్దమనిషి.

"సర్దుకపోతె ఆ ఏడుగురు ఏం కావాలె సార్?" అందామె. ఆయన కాగితాలు తిరగేశాడు.

చివరికి పేపర్ ఆగింది. సారంగపాణి కుర్చీ మాత్రం కదల్లేదు. శ్రీలతే గైడును మార్చుకోవాల్సి వచ్చింది, చదువు ఏడాదిన్నర వెనక్కి పోయింది. ఆయన వరండాలో ఎదురుపడితే నమస్తే పెట్టడం మానేసింది.