ఉత్త చేతులతో ఎలా వెళ్తాం

నేను ఒక ప్రొటీన్ పొడి డబ్బాను. పుట్టింది ఎక్కడో ఫ్యాక్టరీలో. పాలపొడి, సోయా, కాసిని విటమిన్లు, కాస్త చాక్లెట్ వాసన కలిపి నాలో పోసి, నోటికి వెండి రేకు అతికించి మూత బిగించారు. ఒంటి మీద కండలు తిరిగిన చేయి ఒకటి అచ్చువేశారు. అది ఎవరి చేయో నాకు తెలియదు. ఫలానా రోజులోగా తాగెయ్యాలని అడుగున ఒక తేదీ కొట్టారు. పెద్దగా ఆశపడటం నా స్వభావం కాదు.

చిలకలూరిపేటలో మందుల షాపు నుంచి నన్ను కొన్నది హైమవతి గారు, రిటైరైన హెడ్మిస్ట్రెస్. వీధి చివరి చలమయ్య గారు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారని, చూడటానికి వెళుతూ కొన్నారు. ధర కాగితాన్ని గోటితో గీకితే సగమే ఊడింది. ఆ మచ్చ ఇప్పటికీ నా మెడ దగ్గర ఉంది.

చలమయ్య గారిది కిడ్నీ జబ్బు. పప్పు కూడా చూసుకుని తినాలి, నాలాంటివాటి జోలికి పోనే కూడదు అన్నారట డాక్టర్లు. ఆ సంగతి హైమవతి గారు అడగలేదు, వాళ్లు చెప్పలేదు. "ఎందుకండీ ఇవన్నీ" అంటూ అందుకుని ఫ్రిజ్ మీద పెట్టారు. జబ్బేమిటో కనుక్కోకుండానే బలం పంచిపెట్టడం మనుషులకు అలవాటు. చాలా నెలలు అక్కడే ఉన్నాను. దుమ్ము పట్టింది. ఏమీ అనిపించలేదు.

చివరికి చలమయ్య గారి భార్య నన్ను దులిపి దీవెనమ్మ చేతిలో పెట్టారు. దీవెనమ్మ ఆ ఇంట్లోనూ, హైమవతి గారింట్లోనూ అంట్లు తోముతుంది. అప్పుడామెకు ఆరో నెల.

ఆ వారమే నర్సమ్మ వచ్చి రక్తం చూసింది. "రక్తం ఏడే ఉంది దీవెనా. గుడ్డు, పప్పు, ఆకుకూర రోజూ తినాలి. నూనె చుక్క తగలకుండా చారన్నంతో గడిపితే ఎట్టా? ఐరన్ మాత్ర మానబాక. ఈ పొడి కూడా పాలల్లో కలుపుకో. లేకపోతే బిడ్డ బరువు రాదు." నన్ను తిరగేసి చూసి, "తేదీకి ఇంకా రెండు నెలలుంది" అంది.

అవసరమున్న మనిషి చేతికి రావడం నాకు అదే మొదటిసారి. ఆదివారం ప్రార్థన అయ్యాక తెరుద్దామని దీవెనమ్మ దాచింది. శనివారం కబురొచ్చింది, హైమవతి గారికి పిత్తాశయంలో రాళ్లు తీశారని.

"నర్సమ్మ నిన్ను తాగమంది కదే" అన్నాడు ఆమె మొగుడు యోహాను.

"ఉత్త చేతులతో ఎట్టా పొయ్యేది? అన్నం పెట్టే ఇల్లు" అంటూ ఆమె నన్ను కొంగుతో తుడిచింది. నోరుంటే ఒక్క మాట అనేదాన్ని. నోటికి రేకు అడ్డం.

కొవ్వు పదార్థాలు కొన్నాళ్లు వద్దన్నారని, హైమవతి గారి దిగులంతా నేతి మీదే ఉంది. దీవెనమ్మ రెండు చేతులా నన్ను అందించింది. అందుకున్న హైమవతి గారి వేలు మచ్చ మీద ఆగింది. గుర్తుపట్టారు. దీవెనమ్మ పొట్ట వంక చూశారు. నువ్వే తాగవే అంటే సరిపోయేది. తిరిగిస్తే చిన్నబుచ్చుకుంటుందనుకున్నారేమో, "ఎందుకే ఇవన్నీ" అని పక్కన పెట్టారు. మళ్లీ ఫ్రిజ్ మీదికి చేరాను.

దీవెనమ్మ ఎనిమిదో నెలలోనే కనేసింది. బిడ్డ కిలోన్నర. అద్దాలపెట్టెలో ఉంచారు. చూడటానికి బయలుదేరుతూ హైమవతి గారు నన్ను దించి తేదీ చదివారు. దాటి పది రోజులైంది. రేకు చించి, పొడంతా పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో కుమ్మరించి నీళ్లు పోశారు. ఏమీ అనిపించలేదని ఈసారి అనలేను.

ఇప్పుడు నాలో కందిపప్పు ఉంటుంది. దీవెనమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. నిన్న చంకలో బిడ్డతోనే కరివేపాకు కోసుకొచ్చింది. మూడు నెలల పిల్ల, చేతులు ఇంకా పుల్లల్లా ఉన్నాయి.

"చెట్టు బలే ఏపుగా వచ్చిందమ్మగోరూ. ఏం ఏశారు దానికి?"

హైమవతి గారు నా మూత తీసి గ్లాసుతో పప్పు కొలిచారు. ఎన్ని పోశారో మరిచిపోయి, మళ్లీ మొదటినుంచి కొలిచారు.