తలుపు పాట

ఆ పాట చేసినవాడు దొరికితే చెంప పగలగొడదామనుకున్నాను. దొరికాడు. తీరా దొరికాక ఏమీ అనలేకపోయాను.

జనం దాన్ని తలుపు పాట అంటారు. మీరూ వినే ఉంటారు, ఒకప్పుడు ఎవరి ఫోన్లో చూసినా అదే. ముందు పాత క్యాసెట్టు తిరుగుతున్న గరగర, తర్వాత కీబోర్డు మీద నాలుగు స్వరాలు, కింద దడదడమని మెషిన్ దరువు. ఉన్నట్టుండి దరువు ఆగిపోతుంది. అప్పుడొక మగగొంతు, నవ్వు ఆపుకుంటూ, "అమ్మా, తలుపు తియ్యి. నేనే" అంటుంది. మళ్ళీ దరువు. అంతే పాట. దానికి లక్షలమంది! కింద రాతలు చూడాలి. "వింటుంటే నా చిన్నతనం గుర్తొచ్చి ఏడుపొచ్చింది" అని ఒకామె. "ఆ రోజులే వేరు" అని ఒకడు, ఫొటో చూస్తే వాడికింకా మూతిమీద మీసం కూడా రాలేదు. నీకు గుర్తొచ్చేది ఏ రోజులురా? ఆ గొంతు మా తమ్ముడిది. ఆ తలుపు మాది.

తమ్ముడు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు. పనయ్యాక మైకు పలుకుతోందో లేదో చూడడానికి మిగతా మెకానిక్కులు "హలో, హలో" అంటారు. వీడు మాత్రం ఓ పాత క్యాసెట్టు పెట్టి, "అమ్మా, తలుపు తియ్యి. నేనే" అని రికార్డు చేసి, వెనక్కి తిప్పి వినేవాడు. రోజూ ఇంటికొచ్చి అనే మాటే అది. "అలవాటైన మాటైతే తేడా ఉంటే చెవికి ఇట్టే దొరుకుతుందక్కా" అనేవాడు. క్యాసెట్టు తియ్యడం మర్చిపోతే అది కస్టమరుతోనే వెళ్ళిపోయేది. అలా ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందో దేవుడికే తెలియాలి.

వాడు పోయి చాలా ఏళ్ళయింది. బాగుచేసిన రేడియో ఇచ్చి వస్తానని సైకిలెక్కి వెళ్ళాడు, లారీవాడు చూసుకోలేదు. అమ్మ ఆ దుఃఖాన్ని ఎలాగో దిగమింగి బతికింది. ఇప్పుడు ఆవిడకి మతిమరుపు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కొడుకు పోయిన సంగతీ గుర్తులేదు. మొదట్లో చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ ఆవిడకి అది అప్పుడే జరిగినట్టే, గుండెలు బాదుకుని ఏడ్చేది. ఇక నా వల్ల కాలేదు. అడిగినప్పుడల్లా "వస్తాడమ్మా" అనడం మొదలుపెట్టాను.

అలాంటి ఇంటికి ఈ పాట వచ్చి పడింది. నేను ఇంట్లోనే స్కూలు యూనిఫాంలు కుడతాను. మాది రెండో అంతస్తు, తలుపు తీస్తే నేరుగా మెట్లే. ఓ రోజు మిషన్ తొక్కుతుంటే కింద మందుల షాపులో పాట మోగింది. అమ్మ దిగ్గున లేచింది.

"వస్తున్నా నాయనా, వస్తున్నా! ఏమే, నీకు చెవుడా? వాడు పిలుస్తుంటే అలా కూర్చున్నావేం?"

గడియ తీసింది. ఎవరూ లేరు. "వెధవ, దాక్కున్నాడు" అని నవ్వుకుంటూ మెట్ల దాకా వెళ్ళింది. పరుగెత్తి రెక్క పట్టుకున్నాను. ఒళ్ళోని కత్తెర కిందపడి నా పాదం గీసుకుపోయినా చూసుకోలేదు.

ఇక రోజూ అదే. మందుల షాపతన్ని కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే ఆపేశాడు. పక్క మేడమీద ఆడపిల్లలు ఆ పాటకు గంతులేస్తూ వీడియోలు తీసుకునేవాళ్ళు, వాళ్ళని తిట్టాను. వాళ్ళు మానితే ఎదురింటివాళ్ళ ఫోను మోగేది. వీధిలో ఎంతమంది నోళ్ళు మూయించను? తాళం వేస్తే, "వాణ్ణి బయట నిలబెట్టి తాళం వేస్తావటే, పాపిష్టిదానా" అని గోళ్ళతో తలుపు గీకేది. ఒకనాడు నేను వంటింట్లోంచి వచ్చేలోపే మెట్లమీద జారి మోకాలు పగలగొట్టుకుంది. కట్టు కడుతుంటే, "వాడు తిన్నాడా?" అని అడిగింది.

నా ఒళ్ళు మండిపోయింది. పాట కింద, "ఇది మా తమ్ముడి గొంతు. సిగ్గుంటే ఫోన్ చెయ్యి" అని రాసి నంబరు పెట్టాను. చేశాడు. పగలు లిఫ్టులు బాగుచేసే ఉద్యోగమట, సాయంత్రాలు పాటలు కట్టుకుంటాడట. పాత సామాన్ల అంగట్లో కొన్న టేపురికార్డర్లో ఆ క్యాసెట్టు దొరికిందట.

"ఆయనెవరో తెలీదక్కా. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆ మాట వింటుంటే, లోపల మా అమ్మ ఉందేమో అనిపించేది. అందుకే చేశాను."

ఇంకేం తిడతాను?

"తీసెయ్ నాయనా. ఇక్కడ మా అమ్మ మెట్లమీంచి పడి పోయేలా ఉంది."

సరేనని అప్పటికప్పుడే తీసేశాడు. ఏం లాభం? ఎవరికి వాళ్ళు దాన్ని దింపుకుని, వేగం పెంచి ఒకరు, తగ్గించి ఒకరు, తమ పేర్ల మీద పెట్టేసుకున్నారు. మళ్ళీ ఫోన్ చేశాడు. "నా చెయ్యి దాటిపోయిందక్కా" అని ఏడ్చాడు. నేనే వాణ్ణి ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

చివరికి మిషన్ తెచ్చి తలుపుకు అడ్డంగా వేసుకున్నాను. అమ్మ లేచినప్పుడల్లా తలుపు తీసి చూపించి, "ఇప్పుడే కిందికెళ్ళాడు, వస్తాడు" అని కూర్చోబెట్టేదాన్ని.

తర్వాత జనానికి మొహం మొత్తింది. ఇంకేదో పాట వచ్చింది. హమ్మయ్య అనుకుని మిషన్ మళ్ళీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాను.

అమ్మ తిండి మానేసింది. తలుపు వైపే చూస్తూ కూర్చునేది. ఏదీ గుర్తుండని మనిషికి ఇదెలా గుర్తుందో!

"వాడు పిలవడం లేదేమే? నువ్వేమన్నా అన్నావా?"

"నేనేమంటానమ్మా!"

"నీ నోరు మంచిది కాదు. ఏదో అనే ఉంటావు. అలిగాడు."

ముద్ద నోటిదాకా తీసుకెళ్తే మొహం తిప్పేసుకునేది. "వాడొచ్చాక తింటా."

మనిషి చిక్కి పుల్లలా అయిపోయింది. డాక్టరు కూడా, "ఎలాగైనా తినిపించండమ్మా" అని చేతులెత్తేశాడు. ఎలాగైనా అంటే ఎలా?

ఓ మధ్యాహ్నం ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళి తలుపు వేశాను. లోపలినుంచి అమ్మ గడియ పెట్టుకుంది, పాత అలవాటు. ఏ పాటకోసం లోకాన్నంతా తిట్టానో దాన్నే వెతికి, మెట్లకు అడ్డంగా నిలబడి, ఫోను తలుపు సందుకు ఆనించాను. గరగర. నాలుగు స్వరాలు. దరువు ఆగింది.

"అమ్మా, తలుపు తియ్యి. నేనే."

లోపల కుర్చీ కదిలింది. "వస్తున్నా నాయనా, వస్తున్నా!" గడియ కోసం తడుముకుంటున్న చప్పుడు. తలుపు తెరుచుకుంది. అమ్మ మొహం వెలిగిపోతోంది. నన్ను చూసింది. నా భుజం మీంచి మెట్లకేసి చూసింది.

"నువ్వా," అంది. "వాడేడే?"

"చెప్పులు విప్పుకుంటున్నాడమ్మా. నువ్వు తింటుండు, వచ్చేస్తాడు."

కూర్చుంది. నోరు తెరిచింది. గబగబా రెండు ముద్దలు పెట్టాను. మూడోది పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకా రాడేమే? మళ్ళీ పిలవమను."

కంచం కింద పెట్టి, ఫోన్ తీసుకుని, మళ్ళీ బయటికి వెళ్ళాను.